ఒక్క జూనియర్ జాగా, రెండు కుప్పలు

ఆ వకీలు సాబు ఆఫీసులో నేను పెట్టిన మొదటి అడుగు ఎవరిదో బావిలో పడింది. గుమ్మం దాటానో లేదో, "అమ్మా, జర చూస్కో, బాయిల కాలు వెట్టినవ్" అని ఒక రైతు అరిచాడు. ఉలిక్కిపడి కిందికి చూస్తే ఎర్ర గచ్చు నిండా సుద్దముక్కతో గీసిన గీతలు. పొలం, పొలం గట్టు, ఎడ్లబండ్ల బాట, మధ్యలో గుండ్రంగా బావి. సరిగ్గా ఆ బావిలో నా పాదం.

అది ఆయన పని చేసే పద్ధతి. కేసుతో వచ్చినవాడు కాగితాల మూట విప్పబోతే ఆపేవాడు. "కాయితం పారిపోదు. ముందుగాల నీ పొలం చెప్పు" అని సుద్దముక్క చేతికిచ్చేవాడు. ఆ మనిషి నేల మీద వంగి తన భూమిని గీసుకుంటూ, గీసుకుంటూనే తన గోడు చెప్పుకునేవాడు. కేసు ఆయనకు అర్థమయ్యేదాకా ఆ బొమ్మను ఎవరూ తొక్కకూడదు. చాయ్ తెచ్చే ఆయన భార్య కూడా గోడ వెంబడి ఒదిగి నడుస్తూ, "ఇల్లంత పంచాయితీలే, కాలు వెట్ట సందు లేదు" అని గొణుక్కునేది. ఆ రోజు బావిలోంచి కాలు తీసి గోడకు అతుక్కుని నిలబడ్డాను. నేను వచ్చింది ఆ ఇంట్లో జూనియర్‌గా చోటు అడగడానికి. ఆరంభం అంత గొప్పగా జరిగింది.

ఎనభైల చివరి మాట ఇది. హైదరాబాదులో ఎల్‌ఎల్‌బీ పాసై, బార్ కౌన్సిల్‌లో పేరు రాయించుకుని మా ఆర్మూరుకు తిరిగొచ్చాను. వకీలు అనిపించుకోవడానికి అది చాలు. వకీలు పని రావాలంటే మాత్రం ఒక సీనియర్ దగ్గర చేరి కొన్నేళ్లు నేర్చుకోవాలి. దానికి పేపర్లో ప్రకటనలుండవు, పరీక్షలుండవు. వెళ్లి అడగాలి, వాళ్లు మనల్ని కిందినుంచి పైకి చూస్తారు, అంతే.

అడగడానికి ముందు నల్లకోటు కుట్టించుకున్నాను. ఆడమనిషికి నల్లకోటు కుట్టడం మా టైలరుకు అదే మొదలు. కొలతలు తీయడానికి సిగ్గుపడి భార్యను పిలిచాడు. ఆమె టేపు పట్టి చెబుతుంటే ఆయన గోడవైపు తిరిగి రాసుకున్నాడు. కోటు బ్రహ్మాండంగా వచ్చింది, భుజాలు మాత్రం ఎవరో పహిల్వానుకు సరిపోయేట్టు ఉన్నాయి. అయినా దాన్ని దండెం మీద వేలాడదీసి ఎంతసేపు చూసుకున్నానో చెప్పలేను.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో దరఖాస్తులు కొట్టించి హైదరాబాదులోని పెద్ద వకీళ్లకు పంపాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒకాయన రమ్మంటే పోయాను. ముందుగా హైకోర్టు చూశాను. మూసీ ఒడ్డున ఆ గుమ్మటాల కింద, నల్లగౌన్ల మధ్య నిలబడి నోరు తెరిచేశాను. ఇందులో నేనూ ఒకదాన్నా అని మురిసిపోయాను. ఆ సంబరమంతా ఆ వకీలు ఆఫీసు మెట్ల దగ్గరే దిగిపోయింది. ఆయన గుమస్తా నా కాగితాలు చూసి, "మా పని పొద్దుగూకినంక మొదలైతదమ్మా, ఆడపిల్లలతోని మాకు కష్టం. మంచిగ చదువుకున్నవ్, టీచరు నౌకరీ చూస్కో" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు, అందుకే ఇంకా మండింది.

ఆర్మూరులో అడిగితే ఒకాయన తన ఆఫీసులో ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదన్నాడు. ఇంకొకాయన టైపు వస్తే రమ్మన్నాడు, కోర్టుకు కాదట, టైపుకే. ఇంటికొచ్చి కోటును మంచం మీదికి విసిరికొట్టాను. అన్నం తినేటప్పుడు నాన్న నెమ్మదిగా చెప్పాడు. "గీ పసుపు సీజన్ అయిపోయేదాంక తిరుగు బిడ్డా. గప్పటికి జాగ దొరకకుంటే బీఎడ్‌కు పో. నేను ఇంకెన్ని రోజులని ఊరోళ్లకు జవాబు చెప్పాలె?" ఆ మాటలో కోపం లేదు, అలసట ఉంది. నేను సరేనన్నాను. అప్పటికే మార్కెట్ యార్డులో పసుపు రాశులు పలచబడుతున్నాయి.

అట్లాంటప్పుడు ఒక రోజు ఊరికే పోయి మా మున్సిఫ్ కోర్టులో వెనక బల్ల మీద కూర్చున్నాను. పెంకుటిల్లు, పాత ఫ్యాను, పావురాల రెట్టలు. అన్నదమ్ముల పంపకాల కేసులకు చుట్టుపక్కల మండలాల్లో పేరున్న ముసలి వకీలు లేచాడు. బోనులో ఉన్నవాడు ఏదో పొలాన్ని తానే ఏళ్లుగా దున్నుతున్నానని గట్టిగా చెబుతున్నాడు. కాగితాలన్నీ వాడివైపే ఉన్నాయి. ముసలాయన ఒక్క కాగితమూ ముట్టుకోలేదు. చల్లగా అడిగాడు. "పొద్దుగాల పొలానికి పోయేటప్పుడు ఎండ నీ మొఖానికి కొడ్తదా, ఈపుకు కొడ్తదా?"

ఎంత ఆలోచించినా ఆ ఎండ బోనులోని మనిషికి దొరకలేదు. చివరికి ఏదో ఒకటి చెప్పాడు, అది తప్పని హాల్లో ఉన్న రైతులందరికీ తెలిసిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. మున్సిఫ్ గారు కూడా పెన్ను ఆపి ముసలాయనవైపు చూశారు. మూడేళ్లు చదివిన పుస్తకాల్లో ఎక్కడా ఎండ లేదు. ఈయన దగ్గరే నేర్చుకోవాలి, లేకపోతే ఈ కోటు ఎందుకు అనుకున్నాను. మర్నాడే ఆయన ఇంటికి పోయి బావిలో కాలు పెట్టాను.

గోడకు అతుక్కుని నిలబడ్డప్పుడు చూస్తే నా పక్కన ఇంకొకడు కూడా నిలబడి ఉన్నాడు. మార్కెట్లో కమీషన్ దుకాణం నడిపే ఇంటి అబ్బాయి. అతనూ కొత్తగా పాసైనవాడే, అతనూ ఆ చోటు కోసమే వచ్చాడు. అతని కోటు భుజాలు అతనికి సరిగ్గా ఉన్నాయి. దాంతోనే నాకు సగం ధైర్యం పోయింది.

రైతు వెళ్లాక వకీలు సాబు మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మార్కులు అడగలేదు, ఎవరి బిడ్డలమో అడగలేదు. "మీల పెద్దెవలు?" అన్నాడు. లెక్క చూస్తే కొన్ని నెలలు నేనే పెద్ద. ఆయన తలూపి గుమస్తాను పిలిచాడు. బీరువాలో ఉన్న నడుస్తున్న కేసుల కట్టలన్నీ తెప్పించి ఆ గచ్చు మీద పోయించాడు.

"నా తాన జూనియర్ జాగ ఒక్కటే ఉన్నది. పంచుకుంటే ఇద్దరుంటరు, పంచుకోరాకుంటే ఇద్దరూ పోతరు" అన్నాడు. "మన దిక్కు పద్ధతి ఎరికే గద? పెద్దోళ్లు పాళ్లు పెట్టాలె, చిన్నోళ్లు ముందుగాల ఎత్తుకోవాలె. బిడ్డా, నువ్వు రెండు కుప్పలు పెట్టు. ఏ కుప్ప ఎవలకు వస్తే గా కేసులు వాళ్లయి. కోర్టుల నిలబడుడు కూడ వాళ్లదే. నేను అన్నం తిని వస్త."

ఆ పద్ధతి నాకు తెలియకపోవడమేమిటి. మా వైపు అన్నదమ్ములు విడిపోతే భూమి అయినా, పశువులైనా, కల్లంలో పసుపు అయినా అట్లాగే పంచుతారు. పాళ్లు, అంటే వాటాలు, వేసేది పెద్దవాడు, ముందు ఎంచుకునేది చిన్నవాడు. మిగిలింది పెద్దవాడిది. అందుకే పెద్దవాడు మోసం చేయలేడు, చేస్తే ఆ మోసం తనకే మిగులుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ ఇంతకన్నా తెలివైన చట్టం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అయితే మా ఇళ్లలో దీనికి ఇంకొకటి తోడవుతుంది. దాని పేరు పెద్దరికం. మా నాన్న, చిన్నాన్న విడిపోయినప్పుడు వాటాలు వేసింది నాన్న. ఒక వాటాలో బావి కింది పొలం, ఇంకొకదాంట్లో నీళ్లు లేని రాళ్ల చెలక పెట్టాడు. చిన్నాన్న ఏది ఎత్తుకుంటాడో ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నాన్న కావాలనే అట్లా పెట్టాడు. "అన్నంటే గట్లుండాలె" అని ఊరంతా మెచ్చుకుంది. నేనూ ఆ మాట విని ఛాతీ విరుచుకుని బడికి పోయినదాన్నే. నీళ్లు లేనిదే పసుపు పండదు కాబట్టి ఆ ఏటినుంచి మా చెలకలో నువ్వులు, జొన్నలే పండాయి. పసుపు ఊళ్లో ఉండి పసుపు కొనుక్కునే ఇల్లయింది మాది. అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. నాన్న వాటా గురించి ఆమె అప్పటిదాకా ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే లా దాకా చదివాను.

ఆ గచ్చు మీద కూర్చుని నేను వేసిన కుప్పలు కూడా అవే. విచారణకు వచ్చిన పెద్ద కేసులు, వాదనలున్నవి, పేరు వచ్చేవి అన్నీ ఒక కుప్ప. నకళ్లు తీయాల్సినవి, వాయిదా అడిగి రావాల్సినవి, ఏళ్ల తరబడి కదలనివి ఇంకొక కుప్ప. పెద్దదాన్ని కదా, ఆశపడ్డాననిపించుకోవద్దు. అదీగాక ఇంత సంస్కారం చూస్తే సాబు కరిగిపోతాడని లోపల చిన్న ఆశ. కమీషన్ దుకాణం అబ్బాయి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, పెద్ద కుప్ప మీద చెయ్యి వేసేశాడు. పాపం, వేయకపోతే వాడు మార్కెట్‌లో పుట్టినవాడే కాదు.

వకీలు సాబు చేతులు తుడుచుకుంటూ వచ్చి రెండు కుప్పలూ చూశాడు. ఆయన ముఖం చూసి మెచ్చుకోలు కోసం సిద్ధమయ్యాను.

"గిదేం పాలు?" అన్నాడు.

"నేను పెద్దదాన్ని గద సార్" అన్నాను.

"ఓహో. పెద్దరికం చూపెట్టినవా?" ఆయన గొంతు పెరగలేదు, అందుకే ఎక్కువ భయమేసింది. "గీ బీరువ నిండ ఉన్నయి ఎవలి కేసులనుకుంటున్నవ్? మోసం చేసినోళ్లవా? మోసగాడు తొందర్ల దొర్కుతడు. ఇవన్ని పెద్దరికం చూపెట్టినోళ్ల ఇండ్లల్లకెళ్లి వచ్చినయి. అన్న తక్కువ తీస్కుంటడు, ఊరు మెచ్చుకుంటది, దండేస్తది. పిల్లలు పెద్దోళ్లయినంక అన్న కొడుకు నా తానికి వస్తడు, మా నాయిన పాలు ఏడ వోయింది సార్ అని. నేనేం చెప్పాలె? మీ నాయిన మంచోడని చెప్పి తోలియ్యాల్నా?"

ఆయన నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీ కడుపు నువ్వు మాడ్చుకో, నీ ఇష్టం. నీ ఎనుక తినేటోళ్ల పాలు తగ్గించుటానికి నీకు హక్కు ఎవలిచ్చిండ్రు? రేపు ఒక ఆడమనిషి వచ్చి నా పాలు ఇప్పియ్యమంటది. సొంత పాలు అడుగుటానికే సిగ్గువడేదానివి, ఆమె పాలు ఎట్ల అడుగుతవ్?"

నాకు కోపం రావాలి. మామూలుగా అయితే ముక్కు మీదే ఉంటుంది నాకు కోపం. ఆ రోజు రాలేదు. ఇన్నేళ్లు మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాటను, మా ఇల్లు ఎక్కడుందో కూడా తెలియని ఈ మనిషి ఫైళ్ల కుప్పల్లో చూసి చదివేశాడు. అమ్మ ఒళ్లోని చాట కళ్ల ముందుకొచ్చింది. ఎనుక తినేటోళ్లు అన్నాడు ఆయన. అది మేమే. ఇంత పెద్ద సంగతి ఇంత చిన్న మాటలో పడుతుందా అని ఆయన వైపే చూస్తూ ఉండిపోయాను. అంత ఆశ్చర్యం నాకు హైకోర్టు గుమ్మటాల కింద కూడా కలగలేదు.

"గిది పాలు కాదు. ఇద్దరు ఇగ పోవచ్చు" అని ఆయన లేవబోయాడు.

బీఎడ్ కాలేజీ గేటు కళ్ల ముందు కనబడింది. "ఇంకోసారి పెడత సార్" అన్నాను. అడిగినట్టు అనలేదు, కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన ఆగి చూశాడు. ఆ కళ్లలో మొదటిసారి చిన్న నవ్వు.

"పెట్టు. గీసారి ఏ కుప్ప మిగిలినా ఏడ్వకుండ ఉండేటట్టు పెట్టు."

ఆ మధ్యాహ్నమంతా ఆ గచ్చు మీదే కూర్చున్నాను. ఒక్కొక్క కట్ట విప్పి చదివాను, తెలియనిది గుమస్తాను అడిగాను. అన్నాళ్లూ చట్టం అంటే సెక్షన్లే అనుకున్నదాన్ని. ఆ కట్టల్లో మనుషులున్నారు. మేనమామ దాచిన చెల్లెలి వాటా ఉంది, ఒక ఎద్దు కోసం మాటలు మానేసిన ఇద్దరన్నదమ్ములున్నారు, గల్ఫ్‌కు పోయినవాడి పొలం గట్టును ఏటేటా జరుపుతూ వచ్చిన పక్కవాడున్నాడు. ఇన్ని ఇళ్ల గుట్లు ఈ ఎర్ర గచ్చు మీద విడివిడిగా పడి ఉన్నాయి, వాటిలో సగం నావి కాబోతున్నాయి అనుకుంటూ ఇంకొక కట్ట విప్పాను.

పంచడం అంత కష్టమని అప్పుడే తెలిసింది. తక్కువ తీసుకోవడం సులువు, కళ్లు మూసుకుని చేయొచ్చు. సగం తీసుకోవాలంటే ప్రతిదాన్నీ తూచాలి. తూచాలంటే నాకు ఏది కావాలో నేను ఒప్పుకోవాలి. మోర్తాడ్ వైపు నుంచి వచ్చిన పెద్ద పంపకాల కేసు నాకు కావాలి. దాన్ని ఇటు పెడితే అంతే బరువైనది అటు పెట్టాలి. అది పెట్టాక అదీ కావాలనిపించింది. విసుగొచ్చే నకళ్ల పని చెరిసగం, వాయిదాలు చెరిసగం. చివరికి చూసుకుంటే రెండు కుప్పల మీదా నాకు సమానంగా ఆశ ఉంది. ఏది పోయినా బాధే, ఏది మిగిలినా సంబరమే. అప్పుడు లేచి, "అయింది సార్" అన్నాను.

ఈసారి కమీషన్ దుకాణం అబ్బాయి చెయ్యి అంత తొందరగా లేవలేదు. కుప్పల చుట్టూ తిరిగాడు. పసుపు బస్తాలో అడుగుదాకా చెయ్యి దూర్చి కొమ్ములు బయటికి తీసి చూస్తారు చూడండి, అట్లా ఒక కుప్ప అడుగు నుంచి ఒక కట్ట లాగి చూశాడు. రెండో దాంట్లోనూ లాగాడు. తల గోక్కున్నాడు. వకీలు సాబు తొందరపెట్టలేదు.

"అక్కా, రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి గదా" అన్నాడు చివరికి.

"ఎత్తుకో తమ్మీ" అన్నాను.

కాసేపు అటూ ఇటూ చూసి, "గిది ఫ్యాను కింద ఉన్నది, గిదే తీస్కుంట" అని ఎడమవైపు కుప్ప ముందు కూర్చున్నాడు. మోర్తాడ్ కేసు కుడివైపు కుప్పలో ఉంది.

వకీలు సాబు పకపకా నవ్వాడు. అంత పెద్దగా నవ్వగలడని నేను అనుకోలేదు. "ఫ్యాను గాలి చూసి ఎత్తుకునే దాంక వచ్చిండంటే పాళ్లు మంచిగ పడ్డట్టే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, "నీ కుప్పల పైన ఉన్నదానికి రేపే వాయిదా ఉన్నది. కోటేసుకొని రా. నేను లెవ్వ, నువ్వే లెవ్వాలె" అన్నాడు. నేను అవునో కాదో చెప్పానో లేదో గుర్తులేదు. మెట్లు దిగాక రోడ్డు మీద ఎక్కడ కాలు వేశానో కూడా గుర్తులేదు.

ఇంటికి పోయేసరికి నాన్న గడపలో కూర్చుని ఉన్నాడు. అమ్మ లోపలి వాకిట్లో బీడీలు చుడుతోంది. "ఏమన్నడు?" అని నాన్న అడిగాడు, మళ్లీ కాదంటారని ముందే సిద్ధమైన ముఖంతో. నేను నిలబడే అంతా చెప్పాను. జాగ ఒక్కటే ఉందని, పంచుకోమన్నాడని, నేనే పెద్దదాన్నని చెప్పాను. పెద్దరికం గురించి ఆయన అన్న మాటల దగ్గరికొచ్చేసరికి తగ్గించి చెబుదామనుకున్నాను. నాన్న ముఖం చూస్తూ అనడం కష్టమైంది. అయినా ఆయన అన్నది అన్నట్టే చెప్పేశాను. ఎనుక తినేటోళ్ల మాట కూడా.

నాన్న రోడ్డు వైపు చూస్తూ మెల్లగా, "అయితే నీకు ఎంత మిగిలింది బిడ్డా?" అన్నాడు.

"సగం బాపూ. తమ్ముడు ఎత్తుకున్నంక గూడ సగం మిగిలింది."

అమ్మ చేతులు ఆగిపోయాయి. పొద్దంతా ఆగని చేతులు అవి. చుడుతున్న బీడీని చాటలో పెట్టి, నా వైపు కాదు, నాన్న వైపు తలెత్తింది. అన్నేళ్లలో ఆ వాటా గురించి ఆమె అన్నది ఆ ఒక్క మాటే.

"ఇన్నవా?"

నాన్న తల దించుకున్నాడు. "ఇన్న" అన్నాడు.